వెయ్యి టిక్కీలు ఎక్కడ ఆగాలి?

సంక్రాంతి వెళ్లాక గుంటూరు మిర్చి యార్డుకు సరుకు పెరుగుతుంది. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి ముంచెత్తుతుంది. లోపలి టిక్కీలు (మిర్చి బస్తాలు) కదలకముందే బయట లారీలు బారులు తీరతాయి. అప్పుడు యార్డుకు సెలవు ప్రకటిస్తారు. నిల్వలు తగ్గేదాకా సరుకు తీసుకురావద్దని పత్రికల్లో వార్త వస్తుంది. అప్పటికే కాయ కోయించి, కల్లంలో ఎండబెట్టి, లారీ మాట్లాడుకున్న రైతు మండిపడతాడు. ఆకాశంలో మబ్బు కనిపించిందంటే మరీను. ఆ సెలవు సబబా కాదా అన్న తగాదా ఏటా ఉండేదే. కానీ దాన్ని ఎవరు ప్రకటించారో, ఎందుకు ప్రకటించారో, దాని భారం ఎవరి మీద పడిందో ఊరందరికీ తెలుసు.

నేను రాసిన ప్రోగ్రాములో సరిగ్గా అలాంటి నిర్ణయమే ఒకటి మూడు సీజన్ల పాటు అమలులో ఉంది. అది నేను తీసుకున్నది కాదు. కమీషన్ దుకాణం యజమాని తీసుకున్నదీ కాదు. తీసుకున్నవాళ్లు బహుశా జన్మలో మిర్చి టిక్కీని చూసి ఉండరు.

బ్రాడీపేటలో మేడ మీద ఒక గది, అందులో ఇద్దరం. యార్డులోని కొన్ని కమీషన్ దుకాణాలకు, ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీకి ప్రోగ్రాములు రాసి, వాటిని బతికించుకుంటూ ఉంటాం. దుకాణంలో జరిగేది చెప్పుకోవడానికి చాలా చిన్న పని. ఎలక్ట్రానిక్ కాటా మీద టిక్కీ పెట్టగానే బరువు అంకె తీగ గుండా పక్కనున్న చిన్న కంప్యూటర్‌కు వస్తుంది. లాటు నంబరు, రైతు పేరు, రకం, బరువు కలిసి ఒక రికార్డు అవుతుంది. అది ఆఫీసు కంప్యూటర్‌కు చేరాలి. ఆఫీసు నుంచి ఆనాటి ధరలు గోడ మీది తెరలకు రావాలి. ఈ రెండు రాకపోకలకూ జీరోఎంక్యూ అనే లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన, మన ప్రోగ్రాములో కలుపుకునే కోడ్, వాడాను.

ఒక ప్రోగ్రాము నుంచి మరో ప్రోగ్రాముకు సందేశాలు చేరవేయడం దాని పని. 2007లో ఐమ్యాటిక్స్ అనే సంస్థలో మొదలైంది. పీటర్ హింట్యెన్స్, మార్టిన్ సుస్ట్రిక్ దానికి మూలపురుషులు. పేరులోని సున్నాకు మొదట చెప్పుకున్న అర్థం బ్రోకర్ లేకపోవడం. మధ్యలో పెద్ద సర్వరు ఏదీ ఉండదు, ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకుంటాయి. కమీషన్ దుకాణంలో కూర్చుని, "ఇందులో దళారీ ఉండడండీ" అని యజమానికి వివరిస్తూ నవ్వు ఆపుకోవడానికి నేను పడిన పాట్లు వేరే చెప్పనక్కరలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "మరి పూచీ ఎవరిది?" అన్నారు. ఆ ప్రశ్న విలువ నాకు తెలిసిరావడానికి మూడేళ్లు పట్టింది.

ఈ లైబ్రరీకి సెట్టింగులు బోలెడు. థ్రెడ్లు (ప్రోగ్రాములో ఒకేసారి సాగే పనుల పాయలు) ఎన్ని, సాకెట్లు (సందేశాలు వచ్చిపోయే ద్వారాలు) ఎన్ని, వరుసలో ఎన్ని సందేశాలు నిలవచ్చు, మూసేటప్పుడు ఎంతసేపు ఆగాలి, ఇలాగ. మా వృత్తిలో వీటిని వేగం పెంచే మరలుగా చూడటం అలవాటు. ప్రోగ్రాము నెమ్మదిగా ఉందంటే ఒక మర బిగించి చూస్తాం, ఇంకొకటి వదులు చేస్తాం. నేను దీనితో గట్టిగా విభేదిస్తాను. వీటిలో ముఖ్యమైన వాటికి వేగంతో పని లేదు. చోటు నిండిపోయినప్పుడు ఎవరు నిలబడాలి, ఏది పారేయాలి అని అవి అడుగుతాయి. దానికి జవాబు ప్రోగ్రామరు దగ్గర దొరకదు, కాటా దగ్గర దొరుకుతుంది. మనం అడగకపోతే లైబ్రరీయే ఒక జవాబు ఇచ్చుకుని పని కానిస్తుంది.

మేమూ మొదట చెయ్యి పెట్టింది థ్రెడ్ల మీదే. తొలి సీజనులో సాయంత్రమయ్యేసరికి ఆఫీసుకు రికార్డులు పది నిమిషాలు ఆలస్యంగా చేరేవి. టిక్కీలు కాటా దిగిపోయేవి, రైతు చీటీ కోసం కిటికీ దగ్గర నిలబడేవాడు, లోపల తెర మీద అతని లాటు ఇంకా పుట్టేది కాదు. నా సహచరుడు లైబ్రరీ పత్రాలు తిరగేసి ఒకటి పట్టుకున్నాడు. సందేశాలను నెట్‌వర్కు మీదికి ఎక్కించి దించే పనికి లోపల ఐఓ థ్రెడ్లు ఉంటాయి, మనం ఏమీ చెప్పకపోతే వాటి సంఖ్య 1. "ఒక్కటేనా! అదీ సంగతి" అనుకుని ఎనిమిది పెట్టాం. మర్నాడు కాస్త నయంగా ఉన్నట్టు తోచింది. వారం రోజుల పాటు అలాగే తోచింది.

ఆ ఎనిమిది ఒక్క క్షణం కూడా అమలులోకి రాలేదని తరువాత తెలిసింది. సాకెట్లన్నిటినీ పట్టి ఉంచే చట్రాన్ని కాంటెక్స్ట్ అంటారు, దాని కింద మొదటి సాకెట్ తెరవకముందే థ్రెడ్ల సంఖ్య చెప్పాలి. మేము సాకెట్లన్నీ తెరిచేశాక ఇరవై వరుసల కింద తీరిగ్గా రాశాం. లైబ్రరీ అది తప్పని చెప్పలేదు, విని ఊరుకుంది. వారం రోజుల ఆ నయం మా ఇద్దరి బుర్రల్లోనే పుట్టింది.

సిగ్గుతో కాగితం తీసి లెక్క వేశాను. మా రికార్డు ఒక్కొక్కటి సుమారు 200 బైట్లు. యార్డుకు లక్ష టిక్కీలు వచ్చిన రోజున అవన్నీ మా కాటాల మీదుగానే పోయాయనుకుందాం. మొత్తం రెండు కోట్ల బైట్లు, అంటే 20 మెగాబైట్లు. ఫోనులో తీసిన చిన్న వీడియో కన్నా ఎక్కువ కాదు. సెకనుకు ఒక గిగాబైటు రాకపోకలకు ఒక ఐఓ థ్రెడ్ అని లైబ్రరీ వాళ్లు చెప్పే మోటు కొలత. ఆ కొలతన ఒక్క థ్రెడ్ మా రోజంతటి సరుకునూ సెకనులో యాభయ్యో వంతులో మోసేస్తుంది. మేము దానికి ఏడుగురు సాయం హమాలీలను పెట్టబోయాం.

అసలు జబ్బు ఆఫీసులో ఉంది. వచ్చిన ప్రతి రికార్డునూ విడివిడిగా డేటాబేసులో రాసి, పాత హార్డ్ డిస్కు "అయింది" అనేదాకా మా ప్రోగ్రాము గుడ్లప్పగించి చూసేది. యాభై రికార్డులు చేరడమో, ఒక సెకను గడవడమో, ఏది ముందైతే అది చూసుకుని మూటగా రాయించాం. పది నిమిషాల ఆలస్యం మాయమైంది. ఐఓ థ్రెడ్లు ఈరోజుకీ ఒకటే.

థ్రెడ్ల విషయంలో నిజంగా భయపడవలసింది మరొకటి ఉంది, దాన్ని ఏ సెట్టింగూ కాపాడదు. కాంటెక్స్ట్‌ను ఎన్ని థ్రెడ్లైనా పంచుకోవచ్చు కానీ సాకెట్‌ను పంచుకోకూడదు. మా కాటా ప్రోగ్రాములో కాటాను చదివే థ్రెడ్ ఒకటి, "మళ్లీ తూకం" మీట నొక్కితే కదిలే థ్రెడ్ ఒకటి, రెండూ ఒకే సాకెట్ మీద పంపేవి. జనవరి అంతా బాగానే నడిచింది. సరుకు పెరిగి రెండూ ఒకేసారి తగులుకున్న రోజు ప్రోగ్రాము కుప్పకూలింది. ఒక కాటా దగ్గర ఇద్దరు గుమాస్తాలు నిలబడి ఒకే చీటీ మీద రాస్తే ఏమవుతుంది? తీరిక వేళ ఏమీ కాదు. ఇప్పుడు పంపేది ఒక్క థ్రెడ్డే. మిగతావి లోపలి దారిన దానికి అప్పగిస్తాయి.

సాకెట్ల గరిష్ఠ సంఖ్య మామూలుగా 1023 ఉంటుంది. చిన్న దుకాణంలో అది చాలడం లేదంటే సాకెట్లు తెరిచి మూయడం మరిచిపోయారన్నమాట. అంకె పెంచకుండా ముందు ఆ చోటు వెతకండి.

ఇక వెయ్యి సంగతి. అటు తీసుకునేవారు లేనప్పుడు ఇటు వరుసలో ఎన్ని సందేశాలు పేరుకోనివ్వాలన్న హద్దును హై వాటర్ మార్క్ అంటారు. పేరు విజయవాడ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రమాద హెచ్చరికల లాంటిదే. ఒకటే తేడా. బ్యారేజీ దగ్గర హద్దు దాటితే హెచ్చరిక జారీ చేస్తారు, ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. లైబ్రరీ రెండో తరంలో అసలు హద్దే లేదు, మెమరీ నిండి కంప్యూటర్ చతికిలబడేదాకా పోగవుతూనే ఉండేది. మూడో తరం నుంచి ఏమీ చెప్పకపోతే 1000. హద్దు చేరాక ఏమవుతుందన్నది సాకెట్ రకాన్ని బట్టి ఉంటుంది. పని పంచే పుష్ సాకెట్ అయితే పంపేవాడిని అక్కడే నిలబెట్టేస్తుంది. ప్రకటనలు చేసే పబ్ సాకెట్ అయితే ఆ శ్రోతకు వెళ్లవలసిన కొత్త సందేశాన్ని నోరు మెదపకుండా పారేస్తుంది. ఈ హద్దు సాకెట్ మొత్తానికి ఒకటి కాదు, అటువైపు ఉన్న ఒక్కొక్కరికీ వేరుగా ఉంటుంది.

వెయ్యి అంటే కంప్యూటర్లో చాలా చిన్న అంకె. దాన్ని యార్డు లెక్కలోకి మార్చి చూడండి. టిక్కీకి నలభై కిలోలు వేసుకున్నా వెయ్యి టిక్కీలంటే 400 క్వింటాళ్లు. క్వింటాలు 15 వేల రూపాయలు పలికిందనుకుంటే 60 లక్షలు. ఆఫీసు పలకని వేళ, డిస్కు మీదికి ఎక్కకుండా, కాటా పక్కన కారం ధూళి పట్టిన చిన్న పెట్టె మెమరీలో, కరెంటు పోతే ఆవిరైపోయే చోట, 60 లక్షల సరుకు తూకాన్ని ఉంచడానికి ఎవరు ఒప్పుకున్నారు? నేను ఒప్పుకోలేదు. వద్దనీ అనలేదు.

మూడో సీజనులో, మార్చి నెల మధ్యాహ్నం, ఆఫీసువైపు కరెంటు పోయింది. ఇన్వర్టర్ బ్యాటరీ ముసలిది, పావుగంటలో చేతులెత్తేసింది. కాటాలు వేరే లైను మీద ఉన్నాయి కాబట్టి తూకం ఆగలేదు. మా ప్రోగ్రాములో ఒక అందమైన ఏర్పాటు ఉండేది. రికార్డు పంపగానే తెర మీద పచ్చ గుర్తు. పంపమని లైబ్రరీకి ఇచ్చిన ఆదేశం పూర్తయిందంటే సందేశం ఆఫీసుకు చేరిందని నేను అనుకున్నాను. దానికి అర్థం వరుసలో నిలబడిందని మాత్రమే. కాటా కుర్రవాడు పచ్చ గుర్తు చూసుకుంటూ టిక్కీ మీద టిక్కీ దించేస్తున్నాడు. ఇంతలో కాటాల లైనూ పోయింది. రెండు నిమిషాలే. కరెంటు వచ్చాక పెట్టె బుద్ధిగా మళ్లీ మొదలై, ఖాళీ వరుసతో తరువాతి టిక్కీ కోసం ఎదురుచూసింది.

నూట పన్నెండు టిక్కీలకు లెక్క లేదు. కొన్ని అప్పటికే కొన్నవారి లారీ ఎక్కేశాయి.

దుకాణంలో పాతికేళ్లుగా పనిచేస్తున్న గుమాస్తా గారు నన్ను పిలిచి కుర్చీ చూపించారు. కోపం లేదు. "బాబూ, నీ పెట్టెలో పచ్చ గుర్తు పడింది. నేను కళ్లారా చూశాను. మరి బరువు ఏదీ?" అన్నారు. నేను జవాబు వెతుక్కుంటుండగా సొరుగు లాగి, పొడుగాటి ఖాతా పుస్తకం తీసి ముందు పెట్టారు. ప్రతి టిక్కీ బరువూ పెన్సిలుతో, లాటువారీగా, అంచుకు ఆనించి రాసి ఉంది. నా ప్రోగ్రాము పెట్టిన నాటి నుంచీ ఒక్కరోజు మానకుండా రాస్తున్నారట. నా మీద నమ్మకం లేక రాసుకున్న పుస్తకమే ఆరోజు నా పరువు నిలబెట్టింది. పుస్తకంలోని అంకెలను నేనూ నా సహచరుడూ రాత్రి పదకొండు దాకా ఎక్కించాం.

మర్నాడు యజమాని ఎదుట కూర్చుని, లైబ్రరీ ఊసెత్తకుండా ఒక్కటే అడిగాను. "ఆఫీసు పలకకపోతే ఎన్ని టిక్కీల దాకా తూకం సాగనివ్వమంటారు?"

ఆయన ఒక నిమిషం కూడా తీసుకోలేదు. "ఇరవై" అన్నారు. ఎందుకని అడిగాను. "ఇరవై అయితే ఇంకా మన వసారాలోనే ఉంటాయి. తేడా వస్తే మళ్లీ కాటా ఎక్కించగలను. అది దాటితే కదిలిపోతాయి. హమాలీలు ఆగితే కూలి నష్టం నాది, అది భరిస్తాను. బరువు పోతే రైతు దగ్గర మాట పోతుంది."

మూడేళ్లుగా నా ప్రోగ్రాములో ఉండవలసిన అంకె ఇదే. ఏ మాన్యువల్‌లోనూ ఇది దొరకదు. వసారా ఎంత పొడుగుందో, టిక్కీ కాటా దిగాక ఎంతసేపటికి కదులుతుందో తెలిసినవాడి నోటినుంచే రావాలి. అడగడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆ నిమిషానికి ముందు మూడు సీజన్లు.

ఇరవై అని రాసేస్తే పని అయిపోలేదు. ఇలాంటి సెట్టింగుల్లో చాలావాటిని కనెక్ట్ కాకముందే చెప్పాలి, తరువాత చెబితే ఇకముందు పెట్టుకునే కొత్త కనెక్షన్లకే వర్తిస్తాయి. థ్రెడ్ల దెబ్బ గుర్తుంది కాబట్టి ఈసారి ముందే చెప్పాను. ఆపైన ఒక పరీక్ష చేశాను. ఆఫీసు కంప్యూటర్‌ను ఆపేసి చూస్తే, కాటా ప్రోగ్రాము ఇరవై దగ్గరే బుద్ధిగా ఆగింది. ఈసారి కంప్యూటర్‌ను నడవనిచ్చి, మా ఆఫీసు ప్రోగ్రామును మాత్రం కదలకుండా స్తంభింపజేశాను. ఇరవై దాటింది. వంద దాటింది. అయిదు వందలు దాటినా పచ్చ గుర్తులు పడుతూనే ఉన్నాయి.

కారణం తెలిశాక తప్పు లైబ్రరీది కాదని అర్థమైంది. నేను పెట్టిన ఇరవై ఇటువైపు వరుసకు మాత్రమే. అటువైపు తీసుకునే వరుసకు వేరే హద్దు ఉంటుంది, అది 1000 దగ్గరే ఉండిపోయింది. రెండింటి నడుమ ఆపరేటింగ్ సిస్టమ్ తన టీసీపీ బఫర్లలో, అంటే దారిలోని సందేశాలు కాసేపు ఆగే చోట, కొంత దాచుకుంటుంది. 200 బైట్ల రికార్డులు వాటిలో వందలకొద్దీ పడతాయి. గేటు దగ్గర ఇరవై లారీలే ఆగాలని బోర్డు పెట్టి, రోడ్డు పొడుగునా ఎన్ని నిలబడ్డాయో చూడకపోవడం లాంటిది ఇది. పైగా ఆ అంకెను ఖచ్చితమైన కొలతగా తీసుకోవద్దని లైబ్రరీ పత్రాలే చెబుతాయి, అసలు హద్దు అంతకన్నా బాగా తక్కువగా కూడా ఉండవచ్చట.

కాబట్టి లెక్క మేమే పెట్టుకున్నాం. రికార్డు ముందుగా కాటా కంప్యూటర్లోని మెమరీ కార్డు మీద పడుతుంది. తరువాత ఆఫీసుకు వెళుతుంది. ఆఫీసు దాన్ని డిస్కు మీద రాశాకే "ముట్టింది" అని వరుస సంఖ్యతో జవాబు పంపుతుంది. ఆ జవాబు వచ్చాకే పచ్చ గుర్తు. ముట్టనివి ఇరవై అయితే తెర ఎర్రబడి తూకం నిలిచిపోతుంది. లైబ్రరీలోని హద్దు ఇప్పుడు వెనకాల రెండో కంచె మాత్రమే.

మూసేటప్పటి గొడవ అంతకుముందు ఏడాదిది. సాకెట్ మూసేశాక వరుసలో మిగిలిన సందేశాల కోసం ఎంతసేపు ఆగాలన్నది లింగర్ అనే సెట్టింగు చెబుతుంది. మామూలుగా దాని విలువ మైనస్ ఒకటి, అంటే ఎంతసేపైనా. సాయంత్రం ఆఫీసు వాళ్లు ముందుగా కంప్యూటర్ కట్టేసి ఇంటికి వెళ్లిపోయేవారు. కాటా కుర్రవాడు తన పెట్టెను కట్టబోతే అది కట్టుబడేది కాదు. పలకని ఆఫీసు కోసం రాత్రంతా కూర్చునే పట్టుదల దానిది. వాడు రెండు రోజులు చూసి, మూడో రోజు నుంచి ప్లగ్గు పీకేయడం మొదలుపెట్టాడు. నాకు ఫోను వచ్చింది. రాత్రి ఎనిమిదిన్నర, కంచం ముందు కూర్చున్నాను. లింగర్ సున్నా చేసేయమని ఎడమచేత్తో సహచరుడికి సందేశం పెట్టాను. మర్నాటి నుంచి పెట్టె చిటికెలో కట్టుబడింది. అందరూ మెచ్చుకున్నారు. రోజూ చివరి లాటులో రెండు మూడు టిక్కీలు తగ్గుతున్నాయని గుమాస్తా గారు గమనించేదాకా.

సున్నా అంటే వరుసలో ఏమున్నా వదిలేసి వెళ్లిపోవడమే. అన్నం తింటూ, ఎవరినీ అడగకుండా, దుకాణం తరఫున నేను తీసుకున్న నిర్ణయం అది. ఇప్పుడు అయిదు సెకన్లు పెట్టాం, రికార్డు ఎటూ కార్డు మీద ఉంటుంది కాబట్టి ఆ అయిదు చాలినా చాలకపోయినా ఇబ్బంది లేదు. లింగర్ తృప్తి పడిందంటే సందేశం నెట్‌వర్కుకు అప్పగించడం అయిందని మాత్రమే అర్థం. లారీ యార్డు గేటు దాటినంత మాత్రాన కోల్డ్ స్టోరేజీలో సరుకు దిగినట్టా?

గోడ మీది ధరల తెరలది పూర్తిగా ఎదురు కథ. అక్కడ పాతది దాచుకోవడమే నేరం. నేను అందంగా ఉంటుందని కదిలే అక్షరాలు పెట్టాను. పాత టాబ్లెట్ ఒక్కొక్క ధర గీయడానికి రెండు సెకన్లు తీసుకునేది. ధరలు అంతకన్నా వేగంగా వచ్చేవి. మిగిలినవి వరుసలో చేరేవి, అవీ వెయ్యి దాకా. తేజ రకం ధర పడిపోయిన అరగంట తరువాత కూడా ఒక తెర పాత ధరే చూపించింది. ఒక రైతు తెర వైపు వేలు చూపించి, చీటీలోని ధర చూపించి, మోసం అన్నాడు. అతని తప్పేమీ లేదు.

స్టాకు మార్కెట్ లావాదేవీల కోసం అతి వేగంగా సందేశాలు పంపాలన్న ఆలోచన నుంచి ఈ లైబ్రరీ పుట్టింది. అక్కడ నెమ్మదిగా తీసుకునేవాడి కోసం అందరినీ ఆపడం కుదరదు, వాడి వాటాను పారేయడమే న్యాయం. మిర్చి ధరలకూ అదే న్యాయం వర్తిస్తుంది. బరువులకు వర్తించదు. ఒకే దుకాణం, ఒకే తీగ, ఒకే లైబ్రరీ, అయినా రెండు సరుకులకు రెండు ధర్మాలు. కాన్‌ఫ్లేట్ అనే సెట్టింగు వేస్తే వరుసలో చివరి సందేశం ఒక్కటే మిగులుతుంది. సంబరపడి వేసేశాను. తెర మీద బ్యాడిగి ధర ఒక్కటే మారుతూ కూర్చుంది. ఆ సెట్టింగుకు రకాలు తెలియవు. తేజ, 334, 341, బ్యాడిగి అన్నీ ఒకే సాకెట్ మీద వస్తుంటే, అన్నిటికీ కలిపి చివరిది ఒకటి మిగులుస్తుంది. మా జాబితాలో చివరన పంపేది బ్యాడిగి. చివరికి సెట్టింగు తీసేసి, వచ్చినవన్నీ గబగబా చదివి, రకానికొక చివరి ధర దాచి, గీసేటప్పుడు దాన్ని మాత్రమే గీసేలా మార్చాం. కదిలే అక్షరాలు పోయాయి. ఎవరూ అడగలేదు కూడా.

భోజనాల వేళ బేరాలు ఆగి తెరలకు ఏదీ వెళ్లని సమయంలో మధ్యలోని రూటరు కనెక్షన్‌ను మరిచిపోయేది. వినడమే పనిగా ఉన్న తెరకు అవతల ఎవరూ లేరని తెలిసే దారి లేదు. అవతలివారు ఉన్నారా అని పలకరించి చూసే టీసీపీ కీప్ అలైవ్‌ను వాడుకోవచ్చు కానీ, లినక్సులో వేరే చెప్పకపోతే మొదటి పలకరింపుకే 7200 సెకన్లు పడుతుంది. రెండు గంటలు! నాలుగో తరం 2వ వెర్షను నుంచి లైబ్రరీలోనే హార్ట్‌బీట్ సెట్టింగులు వచ్చాయి, పది సెకన్లకొకసారి నాడి చూడమని పెట్టాం.

హైదరాబాదులో ఉన్న స్నేహితుడు ఒకడు ఇదంతా విని నవ్వాడు. ర్యాబిట్ఎంక్యూనో కాఫ్కానో, అంటే మధ్యలో బ్రోకరు ఉండే సందేశ వ్యవస్థ ఏదో ఒకటి, పెట్టుకుంటే ఈ బాధలన్నీ వాళ్లే పడేవారు కదా అన్నాడు. అతని మాటలో సగం నిజముంది. బరువులను డిస్కు మీద రాసి, ముట్టినట్టు జవాబు తీసుకునే పని వాటికి బాగా తెలుసు. నేను రెండు నెలలు రాసినదాన్ని వాళ్లు ఎప్పుడో రాసిపెట్టారు. కానీ ఆ బ్రోకరు ఉండేది ఆఫీసు కంప్యూటర్లోనే. ఆరోజు కరెంటు పోయింది ఆఫీసులోనే. బ్రోకరు పలకని వేళ కాటా దగ్గర ఎన్ని టిక్కీలు దించాలన్న ప్రశ్న అప్పుడూ అలాగే ఉండేది, దానికి వాళ్ల లైబ్రరీలోనూ ఎవరో ఒక అంకె పెట్టే ఉంటారు. "నిపుణులు పెట్టిన విలువలు, ముట్టుకోకు" అనేవాళ్లకూ నా జవాబు ఇదే. నిపుణులు పెట్టారు, ఒప్పుకుంటాను. వాళ్లకు మా వసారా తెలియదు.

ఈ మార్చిలో ఒక మధ్యాహ్నం నేను కాటా దగ్గరే ఉన్నాను. కారం ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు. తెర ఎర్రబడింది. హమాలీ భుజం మీద టిక్కీతో నిలబడి, ఎవరినో తిట్టి, దించేశాడు. కాటా కుర్రవాడు ఆఫీసుకు ఫోను చేశాడు. కరెంటు లేదట, అరగంట పడుతుందట. గుమాస్తా గారు నావైపు చూడలేదు. సొరుగు లాగి, ఖాతా పుస్తకం తెరిచి, పెన్సిలు చెవి మీద నుంచి తీసుకున్నారు. "రానీ" అన్నారు హమాలీతో. ఆ అరగంటలో పదిహేడు టిక్కీలు రాశారు. సాయంత్రం ఆ పేజీ నాకిచ్చి ఎక్కించమన్నారు. మూడో వరుసలో 41 అని ఉందో 47 అని ఉందో తెలియక మళ్లీ వెళ్లి అడిగాను. వసారాలోకి తీసుకెళ్లి ఆ టిక్కీని చూపించారు. కాటా ఎక్కించాం. 41.